ఇద్దరికీ ఒకే పలక

ఒహాయో నది మీది పొగమంచు పొద్దున్నే కిటికీలోంచి పడకగదిలోకి వచ్చింది. ఓరిన్ బాచెల్డర్ కళ్ళు మూసుకుని ఇంకాసేపు అలాగే పడుకున్నాడు. తెల్లవారుజాము కలల్లో ఆయనకు కుడిచెయ్యి ఉంటుంది. దాంతో గుర్రం కళ్ళెం పట్టుకుంటాడు, చెట్టు మీది ఆపిల్ కోస్తాడు. మెలకువ వచ్చాక కూడా ఆ వేళ్ళు కాసేపు వెచ్చగా ఉన్నట్టే ఉంటుంది. యుద్ధంలో ఆ చెయ్యి పోయి పదిహేనేళ్ళయినా, ఆ సంగతి కలలకి ఎవరూ చెప్పినట్టు లేదు.

భార్య లుసిండా ఖాళీ చొక్కాచేతిని మడిచి పిన్ను పెట్టింది. కిందికి దిగితే కాఫీ, మొక్కజొన్న రొట్టె, కూతురు డోషియా.

ఓరిన్ కాంగ్రెస్‌కి ఎన్నికై నాలుగేళ్ళు. మకాం వాషింగ్టన్‌లోనే, సభకి సెలవులిస్తే ఇలా ఇంటికి వస్తాడు. ఇక్కడి వకీలు ఆఫీసు తలుపు రోజూ తెరిచేది డోషియాయే. పొలం గట్టు తగాదాలు, సిపాయిల భార్యల పింఛను అర్జీలు, అన్నీ చూసేది ఆ పిల్లే. బోర్డు మీద పేరు మాత్రం తండ్రిది, ఆ ముచ్చటకేం తక్కువ లేదు.

"ఆఫీసు ప్రూయిట్ గారబ్బాయికి ఇచ్చేస్తున్నానమ్మా, కొత్తగా వకీలయ్యాడుగా," అన్నాడు ఓరిన్ కాఫీ కలుపుకుంటూ. "నీకూ కాస్త తెరిపి."

డోషియా రొట్టె కింద పెట్టింది. "నేను తెరిపి అడిగానా నాన్నా? వకీలు లైసెన్సుకి అర్జీ పెడతానన్నాను."

"నీవల్ల కాదమ్మా. ఆడపిల్లని జడ్జి గారు కోర్టు గడప తొక్కనివ్వరు. ఊరంతా నవ్వుతుంది."

"సభలో హక్కుల మీద గంటసేపు మాట్లాడారట. పేపర్లో చదివి మురిసిపోయాను. అవి మనింటి దాకా రావన్నమాట."

"తండ్రితో మాట్లాడే తీరేనా అది?"

"ఇంకెవరితో మాట్లాడను? ఆ ఆఫీసు పోతే నాకింకేం మిగులుతుందో చెప్పండి." ఆమె కళ్ళు ఒత్తుకుంది.

పొయ్యి దగ్గరున్న లుసిండా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, మీరు యుద్ధం నుంచి వచ్చిన ఏడు గుర్తుందా? కుడిచెయ్యి లేనివాడు వకీలేమిటని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఊరు అప్పుడూ నవ్వింది. ఆరేళ్ళ పిల్ల తన పలక తెచ్చి మీ ఒళ్ళో పెట్టింది. నాకూ అక్షరాలు రావు నాన్నా, ఇద్దరం దిద్దుకుందాం అంది."

ఓరిన్ తలెత్తి చూశాడు. ఎదురుగా ఉన్న కూతురు మసకబారి, ముందుపళ్ళు ఊడిన ఓ చిన్నది కనిపించింది. తన ఎడమచేతి మీద సుద్ద అంటిన చిట్టి వేళ్ళు. అక్షరం వంకర పోతే పకపకా నవ్వేది, పట్టుకుని మళ్ళీ దిద్దించేది. నీవల్ల కాదని ఒక్కరోజూ అనలేదు. ఆ మాట ఇవాళ తను అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది ఆయనకి.

"టోపీ తెచ్చుకో," అన్నాడు చివరికి.

"ఎక్కడికి?"

"కోర్టుకి. నీ అర్జీ నేను వాదిస్తాను. అక్కడ నిలబడి నాలుగేళ్ళయింది, తడబడితే పక్కనుండి అందించు."

"జడ్జి గారు కాదంటే?"

"మళ్ళీ పెడదాం. పలక తుడిచి ఎన్నిసార్లు రాయించావు నాచేత?"

డోషియా ఏడుస్తూనే నవ్వింది. లేచి వచ్చి, ఆయన ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని బుగ్గకి ఆనించుకుంది.