ఇలకూర బూడిద

మూలదర్శినితో చూడనిదే బందరు బజారులో ఉప్పు కూడా ఎవరూ కొనడం లేదు. అరచేతిలో ఇమిడే ఆ పరికరం ఏ వస్తువు మీద కాంతి ప్రసరించినా, దాని పదార్థం ఏ నేలలో పుట్టిందో ఊరి పేరుతో సహా చెప్పేస్తుంది. కల్తీ మాయమైంది. ఆ వెనకే స్వస్థల చట్టం వచ్చింది. పాత వస్తువు ఏదైనా సరే, పుట్టిన నేలకు తిరిగి వెళ్లాల్సిందే.

ఆ గురువారం సముద్రపొడ్డు దర్గాలో నాగూర్‌బీ గాజు దీపం తోముతూ ఉండగా ఆ చట్టాన్ని అమలు చేసే మూలశాఖ ఉద్యోగి శరభయ్య వచ్చాడు. వెంట యూఫ్రటీస్ తీరం నుంచి వచ్చిన గాజు రసాయనవేత్త లయాల్ ఉంది. నాగూర్‌బీ దీపాన్ని ఒళ్లోకి లాక్కుంది. అమ్మ, అమ్మమ్మ వెలిగించిన దీపం అది. ఏ కాలంలో ఏ ఓడలో వచ్చిందో ఎవరికీ తెలియదు.

"పరీక్షేగా పిన్నిగారూ, కంగారు పడకండి" అన్నాడు శరభయ్య.

లయాల్ తన భాషలో మాట్లాడుతుంటే ఆమె చెవికి తగిలించుకున్న చెవిపలుకు యంత్రం దాన్ని తెలుగులోకి మార్చి వినిపించింది. "మా ఊళ్లో పూర్వం గాజు కొలుములు ఉండేవి. అప్పటి ముక్క ఒక్కటీ మాకు మిగల్లేదు. మొదట్లో ఎండిన సరస్సుల సోడా కలిపి ఇసుకను కరిగించేవారు. అది దొరక్కపోయేసరికి ఉప్పునేల మొక్కల్ని కాల్చి ఆ బూడిద కలిపారు. ఇసుకలోనూ బూడిదలోనూ పుట్టిన నేల గుర్తు ఉండిపోతుంది."

మూలదర్శిని కాంతి దీపం మీద పాకింది. 'బూడిద: బందరు తీరం. స్వస్థలం: బందరు.'

"మనదేనండీ!" శరభయ్య ముఖం వెలిగిపోయింది. లయాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా దీపాన్ని రెండు చేతులతో నాగూర్‌బీకి అందించింది. "ఇన్నాళ్లు కాపాడారు, చూడనిచ్చారు. మీకు రుణపడి ఉంటాను."

నాగూర్‌బీ చూపు మోకాలి పక్కనున్న బూడిద చిప్ప మీద పడింది. ఉప్పునేలలో మొలిచే ఇలకూర లేత ఆకు ఆ ఊళ్లో పప్పులోకి, ముదురు కాడలు కాల్చిన బూడిద దీపం తోమడానికి. గాజు మీది సన్నటి గుంటల్లో తరతరాల బూడిద ఇంకిపోయింది. పరికరం పైపొరనే చదివింది. నోరు మెదపకుంటే దీపం తనదే. కానీ ఆ నోరే ఆగలేదు.

"అది గాజులోది కాదమ్మా. నేను తోమిన బూడిద."

"ఎందుకు చెప్పారు పిన్నిగారూ?" శరభయ్య తల పట్టుకున్నాడు.

"అబద్ధమాడి దర్గాలో దీపం ఎట్టా పెట్టేదయ్యా?"

అంచు చిట్లిన చోట, లోపలి గాజు మీద మళ్లీ చూశారు. ఈసారి యూఫ్రటీస్ అని వచ్చింది. లయాల్ మాత్రం ఆ మాటే పట్టించుకోకుండా అడిగింది. "ఆ మొక్క చూపిస్తారా అమ్మా?"

ఊరి వెనక ఉప్పునీరు నిలిచే పర్రలో ఇలకూరను చూడగానే లయాల్ వంగి ఆకులు తడిమింది. నది దారి మళ్లాక తమ దగ్గర అలాంటి మొక్కలే కనుమరుగయ్యాయట. గుంటలో కాడలు పేర్చి, మంట లేవకుండా నిదానంగా ఎలా మగ్గించాలో నాగూర్‌బీ దగ్గరుండి నేర్పింది. దీపంతోపాటు రెండు బస్తాల బూడిద ఓడెక్కింది.

దర్గా గోడలో దీపం ఉండే గూడు బోసిపోయింది. గురువారం గురువారం నాగూర్‌బీ అక్కడ మట్టి ప్రమిద పెట్టి, కాసేపు ఏడ్చేది.

ఉరుసు ముందురోజు శరభయ్య ఓడలో వచ్చిన ఒక పెట్టె మోసుకొచ్చాడు. లోపల కొత్త గాజు దీపం, లేతాకుపచ్చగా. అలవాటుగా మూలదర్శిని తిప్పాడు. అది చాలాసేపు తడబడింది. 'ఇసుక: యూఫ్రటీస్. బూడిద: బందరు. స్వస్థలం: తేలలేదు.'

"పాతబడ్డాక దీన్ని ఎక్కడికి పంపాలండీ? చట్టంలో దీనికి దారే లేదు" అన్నాడు అయోమయంగా.

"ఎక్కడికీ వద్దు. అడ్డం లే, చీకటి పడుతోంది."

నాగూర్‌బీ వత్తి వెలిగించింది. ఆ వెలుగులో, సముద్రం వైపు తిరిగి గట్టిగా అంది. "నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ!"

తర్వాత బూడిద చిప్ప పక్కన పెట్టి, లయాల్‌కు పంపే మరో రెండు బస్తాలు నింపడానికి పర్రలోకి ఎవరెవరు వస్తారో కనుక్కోమని శరభయ్యను ఊళ్లోకి తరిమింది.