మూడు షిఫ్టుల కొంగలు

"రెండు వందల డెబ్బై నత్తగుల్ల కొంగలా?" మనీష మళ్లీ అడిగింది.

"అవును మేడం. నా కండ్లతోని లెక్కవెట్టిన," అన్నాడు రఘుపతి.

రఘుపతి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. మనీష మంథని అమ్మాయి. జ్యోతినగర్‌లో సైన్స్ టీచరు, పక్షుల సంరక్షణ సంఘానికి ఇక్కడి కార్యదర్శి. బొగ్గు తీసి వదిలేసిన పాత క్వారీలో నీళ్లు నిండి కొంగలు దిగుతుంటే, నెల కిందట ఆమె బైనాక్యులర్స్‌కు సరిగ్గా అడ్డంగా బైకు ఆపి చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లు ఎంత బాగున్నాయంటే, మరుసటి ఆదివారమే వచ్చి సంఘంలో చేరతానన్నాడు.

చేరాలంటే ఒక రోజంతా పక్షులను లెక్కపెట్టాలి. ఆ లెక్క సరైనదని దరఖాస్తు ఫారం మీద కార్యదర్శి సంతకం చేస్తేనే సభ్యత్వం. అందుకే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండకు మాడుతూ లెక్కపెట్టాడు. ఆ వాడిన మొహం చూసి మనీష నమ్మేసింది. ఆ సంతోషంలో, ఫారం మీద సంతకమైనా పెట్టకముందే హైదరాబాదులోని సంఘం ఆఫీసుకు రాసేసింది.

వారం తిరగకుండానే సంఘం పెద్దాయన వామనరావు ఇద్దరు సభ్యులతో కారు దిగాడు. పొద్దంతా చూశారు. తొంభై అయిదు దాటలేదు.

"అమ్మా, మిగతావి ఏవి?" అన్నాడాయన నెమ్మదిగా. మనీష రఘుపతిని పక్కకు పిలిచింది.

"నన్ను మెప్పించనీకి పెంచి రాసిండ్రా?"

"అయ్యో, లేదు మేడం. పొద్దుగాల తొంభై, పగటీలి ఎనభై అయిదు, పొద్దూకంగ తొంభై అయిదు. కలిపిన."

"ఎందుకు కలిపిండ్రు?"

"గనిల గంతే కద. ఏ షిఫ్టు బొగ్గు ఆ షిఫ్టుదే. మూడూ కలిపితేనే రోజు లెక్క."

"బొగ్గు పోతే మళ్ల రాదు. కొంగ పొద్దుగాల ఉన్నదే పొద్దూకంగ ఉంటది," అంది మనీష. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు. "మూడు సార్లు చూసి, అన్నిట్ల పెద్ద లెక్క రాయాలె. ఇప్పుడు నా మాట ఎవరు నమ్ముతరు?"

రఘుపతి ఒక్కటే అనుకున్నాడు. సభ్యత్వం పోతే పోనీ, ఈ పిల్ల మాట పోకూడదు. నేరుగా వెళ్లి వామనరావు ముందు నిలబడ్డాడు.

"సార్, తప్పు నాది. మేడంది కాదు. నా ఫారం చింపెయ్యుండ్రి," అని బొగ్గు లెక్క, కొంగ లెక్క మొత్తం ఒప్పజెప్పాడు.

వామనరావు కళ్లద్దాలు తీసి మరీ నవ్వాడు. "తొంభై అయిదు తక్కువేం కాదు బాబూ. ఫారం నేను చింపను. సంతకం ఆమెది, ఆమె ఇష్టం."

వాళ్ల కారు వెళ్లిపోయింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. మనీష బైకు సీటు మీద ఫారం పెట్టి, తడవకుండా చున్నీ అడ్డం పట్టి, లెక్కను తొంభై అయిదుగా దిద్ది సంతకం చేసింది.

"నిజం చెప్పు. కొంగల కోసమే వచ్చినవా?"

అప్పటిదాకా ఉన్న 'మీరు' ఎటుపోయిందో రఘుపతి వెతకలేదు.

"మొదలు నీ కోసమే వచ్చిన. ఆ రోజు మూడోసారి లెక్కవెట్టేటప్పుడు మాత్రం, నువ్వు యాదికి రాలే. కొంగలే కనవడ్డయి."

మనీషకు ఈ జవాబే నచ్చింది. ఫారం అతని చేతిలో పెట్టింది. 'దరఖాస్తుదారుతో మీకున్న సంబంధం' అన్న గడిలో 'అతను అడిగితే చెప్తాను' అని ఉంది.

రఘుపతి రెండు సార్లు చదివాడు.

"నిన్ను అడగాల్నా, మీ బాపును అడగాల్నా?"

"ముందుగాల నన్ను అడుగు. మా బాపును నేను అడుగుత."

వానలోనే నిలబడి అడిగాడు. మనీష పెన్ను మూత తీసి, ఆ గడిలోని మాట కొట్టేసి, కొత్త మాట రాసింది.