పదిహేడో హోల్ అంకె

ఉదయం తొమ్మిది కాకముందే ఆమె వచ్చింది. కంటి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ బట్టల్లోనే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, సాయంత్రంలోగా మా నాన్నను అరెస్టు చేస్తామంటున్నారు. ఒకసారి దొంగన్నారు, ఇరవై రెండేళ్లు తలెత్తకుండా బతికారు. ఈసారి తట్టుకోలేరు."

"ముందు కూర్చోమ్మా. మొదటినుంచి చెప్పు," అన్నాడు డిటెక్టివ్. ఒకప్పుడు కోర్టులో స్టెనోగా పనిచేసిన ఆయన సహాయకురాలు పుస్తకం తెరిచింది.

ఊరి గోల్ఫ్ క్లబ్బులో ఒకప్పుడు పెద్ద ప్రొఫెషనల్ టోర్నమెంటు జరిగేది. సరిగ్గా మూడేళ్లు జరిగింది. మొదటి ఏడు చూసేవాళ్లకంటే ఆడేవాళ్లే ఎక్కువ. రెండో ఏటికి రేడియోవాళ్లు వచ్చారు. మూడో ఏట జనం తాళ్లు దాటి లోపలికొచ్చేశారు. ఆ ఏడు నర్సు తండ్రి గెలిచాడు. గంట తిరక్కుండానే ఆ గెలుపు చెల్లదన్నారు.

గోల్ఫ్‌లో ఎవరి లెక్క వాళ్లు రాసుకోరు. తోటి ఆటగాడు కార్డు మీద రాస్తాడు, ఆడినవాడు సరిచూసుకుని సంతకం పెడతాడు. పదిహేడో హోల్‌లో, అంటే పదిహేడో గుంటలో, బంతి వేయడానికి ఆయన ఐదు దెబ్బలు కొట్టడం వందమంది చూశారు. కార్డులో నాలుగు ఉంది. తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు కాబట్టి, కొట్టినదానికంటే తక్కువ అంకె మీద సంతకం చేస్తే పోటీనుంచి తీసేయడమే. "ఐదు చూసే సంతకం పెట్టాను" అని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ట్రోఫీ ఇచ్చే కంపెనీ తప్పుకుంది. నాలుగో ఏటి పోస్టర్లు అచ్చయ్యాయి గాని గోడెక్కలేదు.

"క్లబ్బువాళ్లు ఇప్పుడు ఆ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు సార్. క్లబ్బులో అద్దాలపెట్టెలో ఉంచిన ఆ కార్డును చేతిరాత నిపుణుడికి చూపించమని పోరాను. ఇవాళ వస్తానన్నాడు. నిన్న పొద్దున పెట్టె అద్దం పగిలి ఉంది, కార్డు లేదు. ఆ పొద్దునే నాన్న చివరిసారి చూసుకుందామని వెళ్లారు. కాపలావాడు చూశాడు."

"కార్డు మీద కొట్టివేతలేమైనా ఉన్నాయా?"

"గీత కూడా లేదు సార్. కడిగిన ముత్యంలా ఉంటుంది."

క్లబ్బు గుమ్మంలో డిటెక్టివ్ రిజిస్టరులో సంతకం చేసి, తన వాచీ చూసి పది ఇరవై అని రాశాడు. సెక్రటరీ బక్కపలచని మనిషి. చొక్కా మడత నలగలేదు. ఆయన గోడగడియారం వంక చూశాడు. మాట్లాడకుండా ఆ అంకె చెరిపి, పది ఇరవై ఐదు అని దిద్దాడు.

అద్దాలపెట్టెలో పచ్చగుడ్డ ఎండకు వెలిసిపోయింది. కార్డు ఉన్నచోట మాత్రం ముదురు రంగు మిగిలింది. ఆ ముదురు రంగు మీద కూడా గాజుపొడి మెరుస్తోంది. డిటెక్టివ్ వంగి చాలాసేపు చూశాడు.

"దీని తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర ఒకటి, అధ్యక్షుడిగారి దగ్గర ఒకటి. అయినా అద్దం పగలగొట్టినవాడికి తాళంతో పనేముంది?" అన్నాడు సెక్రటరీ.

"టోర్నమెంటు నాడు మీరేం చేసేవారు?"

"స్కోరు బల్ల నాదే. కార్డులు తీసుకుని, గోడమీది స్కోరు బోర్డుతో సరిచూసి కూడేవాణ్ణి."

మధ్యాహ్నానికి అధ్యక్షుడు ప్రయాణపు పెట్టెతో దిగాడు. రెండు రోజులుగా ఊళ్లో లేడట. ఫోను రాగానే రైలెక్కాడట. టికెట్టు చూపించాడు. ఆనాడు రెండో స్థానంలో ఉండి ట్రోఫీ ఎత్తుకున్నది ఆయనే. కార్డు రాసిందీ ఆయనే.

"దేంతో రాశారు?"

"క్లబ్బు ఇచ్చే పొట్టి పెన్సిలుతో. దానికి రబ్బరుండదు. తప్పు రాస్తే కొట్టేసి పక్కన రాయాల్సిందే."

"పదిహేడుకు ఎంత రాశారు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఎవరికి గుర్తుంటుందండీ?"

నాలుగింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. నర్సు, కర్ర పట్టుకున్న ఆమె తండ్రి, అధ్యక్షుడు, సెక్రటరీ. ఇన్‌స్పెక్టరు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. సహాయకురాలు పుస్తకం తెరిచి పెట్టుకుంది. తన గురువు ఎవరి వైపు తిరుగుతాడో ఆమెకూ తెలియదు.

"అద్దం పగిలినప్పుడు కార్డు అక్కడే ఉంటే గాజుపొడి కార్డు మీద పడాలి," అన్నాడు డిటెక్టివ్. "కార్డు కిందున్న గుడ్డ మీద పడింది. అంటే ముందు తాళం తీసి కార్డు తీశారు. తర్వాత తాళం వేసి అద్దం పగలగొట్టారు. ఈ పెద్దాయనకు తాళంచెవి లేదు. అధ్యక్షుడు ఊళ్లో లేడు."

సెక్రటరీ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"కార్డు మీద కొట్టివేత లేదు. ఐదు నాలుగయిందంటే రబ్బరుతో చెరపాలి. ఆటగాళ్ల దగ్గర రబ్బరు లేదు. రబ్బరు ఉండేది స్కోరు బల్ల మీద. పొద్దున నేను రాసిన టైము నన్నడక్కుండానే దిద్దారు మీరు. మీకు మనిషి మాటకంటే గోడమీద కనిపించేదే నిజం. ఆనాడు గోడమీద ఏముంది?"

సెక్రటరీ నోరు విప్పాడు.

"బోర్డు మీద నాలుగుంది. పిల్చి అడుగుదామంటే ఈయన అప్పటికే జనంలో ఉన్నారు. బోర్డే కరెక్టనుకుని కార్డు దిద్దాను. మేలు చేశాననుకున్నాను. తర్వాత అందరూ ఐదంటుంటే నోరు పెగల్లేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది."

"నిన్న నేరం ఈయన మీదికి పోతుంటే కూడానా?" అంది నర్సు.

డిటెక్టివ్ సెక్రటరీ వైపు వంగాడు.

"కాగితం చించే చెయ్యి కాదు మీది. కార్డు ఎక్కడుంది?"

సెక్రటరీ లేచి బీరువాలో ఒక ఫైలు తాడు విప్పాడు. డిటెక్టివ్ కార్డును వెలుతురుకు ఎత్తిపట్టాడు. నాలుగు అంకె వెనక చెరిపేసిన ఐదు పొట్ట నొక్కు స్పష్టంగా కనిపించింది. ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని సెక్రటరీ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

పెద్దాయన కార్డు వంక చూడలేదు. అధ్యక్షుడి వంక చూశాడు.

"ఒరేయ్, ఎంత రాశావు?"

అధ్యక్షుడి మెడ వంగింది. "ఐదు. ట్రోఫీ చేతికొచ్చాక చెప్పబుద్ధి కాలేదురా."

"ఆయన తప్పుకు అరనిమిషం పట్టి ఉంటుంది," అన్నాడు పెద్దాయన. "నువ్వు మాత్రం రోజూ లేచి చేశావు."

ఆయన కర్ర ఊతంగా లేచాడు. కూతురు చెయ్యి అందించింది. వీధి తలుపు వైపు నడవబోతుంటే ఆపాడు.

"అటు కాదమ్మా. మైదానం మీదుగా పోదాం."