సోమవారం కబురు

"నీ ఆదివారం బడికి ముప్పై మంది పిల్లలు వచ్చిండ్రంట గద బిడ్డా! షూటింగ్‌ల మా లైట్‌మెన్లందరికీ చెప్పిన!" ముందు గదిలో ఫోను పట్టుకున్న హనుమంతు మాట వినగానే వంటింట్లో ఉన్న అరుణజ్యోతి పొయ్యి ఆపేసింది. ఈ రోజు గురువారం! కెన్యా నుంచి నవత కబురు వచ్చేది సోమవారాలే, అదీ రికార్డు చేసి పంపే మాటలే, తల్లి ఫోనుకే. ఫోను చేసి మాట్లాడటానికి, నవతను సేవకు పంపిన క్రైస్తవ మిషన్ నియమాలు ఒప్పుకోవు. మరి ఈ వేళ తండ్రికి నేరుగా...!

"ముప్పై మందా? నేనెప్పుడు చెప్పాను నాన్నా?" స్పీకరులో అంది నవత. "పది రోజులు జ్వరంతో పడి ఉన్నానని చెబితే, నువ్వేమో శభాష్ అని పంపావు... నా మీద అంత కోపమా? అడగాలని మిషన్ పెద్దవాళ్లను బతిమాలి ఫోను చేశాను!"

అరుణజ్యోతి గుమ్మంలోకి వచ్చింది.

ఆమెది చర్చి, ఆయనది పెద్దమ్మ గుడి. ఇరవై మూడేళ్లుగా ఫిలింనగర్‌లోని ఆ రెండు గదుల్లో రెండూ సర్దుకున్నాయి. కానీ డిగ్రీ అయిన పిల్ల సువార్త సేవకని ఏడాదిన్నర పరాయి దేశం పోతానంటే ఆయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఒప్పుకున్నా, ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు. "బిడ్డ ఏడ్చిందని తెలిసిన్నాడే టికెట్ పంపుత. ఎవలు అడ్డమొచ్చినా ఆగ!"

మొదటి వారాలు నవ్వులే! ఎవరో ముసలామె కూర్చోబెట్టి అన్నం పెట్టిందట, పిల్లలు తెలుగు పాట నేర్చుకున్నారట. ఐదో సోమవారం మాత్రం ఏడుపొచ్చింది. పద్నాలుగు ఇళ్లకు పోతే ఒక్కరూ తలుపు తీయలేదట... డబ్బింగ్ థియేటర్లో భోజనం వేళ ఆ ఏడుపు విన్న అరుణజ్యోతికి ఆయన షరతే గుర్తొచ్చింది. చిన్నపిల్లలకు, కాలేజీ పిల్లలకు పందొమ్మిదేళ్లుగా గొంతు అరువిస్తున్న మనిషి! ఖాళీ గదిలో మైకు ముందు నిలబడి, కూతురి గొంతుతో కూతురి మాటలే చెప్పింది... ఏడుపు తీసేసి. ఆ ఒక్క వారమే అనుకున్నది ఆరు వారాలైంది, పోనుపోను మాటలూ తనే కల్పించింది; అవి విని ఆయన చెప్పిన శభాష్‌లే నవతకు పంపింది!

"మరి ఇదెవలు?" హనుమంతు భార్య ఫోను లాక్కుని, మొన్న సోమవారం కబురు వినిపించాడు.

"అది అమ్మ, నాన్నా," అంది నవత మెల్లగా. "నవ్వాక అలా ఊపిరి పీల్చేది అమ్మే."

హనుమంతు భార్యవైపు తిరిగాడు. "జరమొచ్చి పడ్డదని దాస్తవా? రేపు బిడ్డకు ఏమన్నా అయితే గూడ నువ్వే మాట్లాడుతవా జ్యోతీ?"

"అంత మాట అనకండి!" అంది ఆమె. "ఎంత కోరుకుని వెళ్లిందో మీకు తెలీదా? ఏడుపు వింటే రప్పించేస్తారని... తప్పే చేశానండీ!"

"రప్పిస్త! బిడ్డా, సామాన్లు సర్దుకో!"

"నేను వస్తానన్నానా నాన్నా?"

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

"నీ దగ్గర ఏడవకపోతే ఎవరి దగ్గర ఏడుస్తాను?" వెక్కుతూనే అంది నవత. "సోమవారం మీ దగ్గర ఏడిస్తే మంగళవారం మళ్లీ నడవగలుగుతాను. అంతే! ఈ ఆరు వారాలూ నా ఏడుపు ఎవరికీ పట్టలేదనుకున్నాను. అందుకే నడవలేకపోయాను..."

హనుమంతు మంచం అంచున కూర్చున్నాడు. బిడ్డ ఏడవకూడదని షరతు పెట్టింది ఎవరు? తనే! ఫోను దగ్గరికి తీసుకున్నాడు.

"ఇప్పుడు జరం తగ్గిందా?"

"తగ్గింది నాన్నా. నీరసమే."

"ఇగ టికెట్ మాట ఎత్తను బిడ్డా. వస్తనంటే రా, ఉంటనంటే ఉండు. సోమవారం సోమవారం నాకు గూడ పంపు. ఏడుస్తే ఏడ్చినట్టే పంపు. గా తలుపు తియ్యనోళ్ల సంగతి మొదట్నుంచి చెప్పు, వింట."

నవత చెప్పడం మొదలుపెట్టింది, మధ్య మధ్య వెక్కుతూ. "ఊరుకో తల్లీ..." అనబోయింది అరుణజ్యోతి. హనుమంతు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు జర ఆగు జ్యోతీ. బిడ్డను మాట్లాడనియ్యి."

గొంతుతో బతికే ఆ తల్లి, కొంగు నోట్లో కుక్కుకుని, కూతురి ఏడుపు చివరి దాకా వింది.