గాలి లేని చోట

1967 అక్టోబరులో ఒక ఉదయం, ఆగిరిపల్లి దగ్గర తన మామిడితోటలో బసవపున్నారావు పడక్కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నాడు. తోటలో కాపు లేని కాలం. కాయలు మాగబెట్టే కొట్టం ఖాళీగా ఉంది. అయినా వేసవిలో పరిచిన వరిగడ్డిలోంచి పులిసిన పండ్ల వాసన ఇంకా వస్తూనే ఉంది. తోటలో పనిచేసే వెంకాయమ్మ కొట్టం ముందు రాలిన ఆకులు ఊడుస్తోంది.

రష్యావాళ్లు పంపిన యంత్రం శుక్రగ్రహం చేరిందని రేడియో చెప్పింది. మనిషి లేని యంత్రం. దానికి గొడుగులాంటిది కట్టి ఆ గ్రహం మీది గాలిలోకి వదిలారు. దిగుతున్నంతసేపూ అది అక్కణ్నుంచి కబుర్లు పంపింది. వేడి విపరీతమని, గాలి దాదాపు మొత్తం బొగ్గుపులుసు వాయువేనని. ఆ తర్వాత దాని మాట ఆగిపోయింది.

పక్కతోట పున్నయ్య అరుగుమీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. "మన వేగుచుక్కేగా అది. అక్కడ మనుషులుంటారంటావా?"

"పీల్చే గాలే లేనిచోట మనుషులేంటయ్యా," అన్నాడు బసవపున్నారావు. "పంపిన యంత్రం నోరు మూసుకుంది. అక్కడెవరూ లేరనేగా."

చీపురు చప్పుడు ఆగింది. "ఉన్నోళ్లెవరో దాని నోరు మూశారేమోనండి," అంది వెంకాయమ్మ.

పున్నయ్య నవ్వాడు. బసవపున్నారావు నవ్వలేదు.

ఆయన నవ్వకపోవడానికి కారణం తోట నడుమనున్న పాతబావి. ఆ వేసవిలో, ఆఖరి కాయలు బళ్లకెక్కుతున్న రోజున, పూడిక తీయడానికి వెంకాయమ్మ భర్త బుచ్చయ్యని అందులోకి దించారు. చాన్నాళ్లుగా నీళ్లు తోడని బావి. అలాంటి బావిలోకి మనిషికంటే ముందు దీపం దిగాలి. కిరసనాయిలు బుడ్డిని ఇనపతట్టలో పెట్టి, తాడుకట్టి అడుగుదాకా వదులుతారు. అది వెలుగుతూ ఉంటే మనిషి దిగొచ్చు. ఆరితే లోపల పీల్చే గాలి లేనట్టే, దిగకూడదు. బుచ్చయ్య బుడ్డి అడిగాడు.

"పట్టపగలు దీపమేంట్రా? అంత భయమైతే మీ ఆడదాన్ని దించు," అన్నాడు బసవపున్నారావు. బళ్లవాళ్లు పగలబడి నవ్వారు.

బుచ్చయ్య దిగాడు. రాతికట్టు అయిపోయి మట్టిగోడ మొదలయ్యేచోట ఒకసారి దగ్గాడు. అంతే.

ఆ చావు గురించి సబిన్‌స్పెక్టరు వచ్చి అడిగాడు. "దీపం దించామండి. వెలిగింది," అన్నాడు బసవపున్నారావు. ఆ రోజు మోకు పట్టుకున్నది బుచ్చయ్య తమ్ముడు గంగరాజు. అతను కూడా తలొంచుకుని అదే మాట చెప్పాడు. చేసే పనీ, గుడిసె వేసుకున్న చోటూ రెండూ ఆయనవే.

అప్పట్నుంచి వెంకాయమ్మకి కావలసింది ఒక్కటే. ఆయన ఆ బావిలోకి దిగాలి.

ఆమె తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకి రోజూ బుడ్డి వెలిగించి బావిలోకి దించేది. రాతికట్టు దాటగానే అది ఆరిపోయేది. పైకిలాగి, వత్తి ఇంకా పొగలు కక్కుతుండగానే తెచ్చి, బసవపున్నారావు పడక్కుర్చీ ఎదురుగా పెట్టి వెళ్లిపోయేది. ఆయన మొదట్లో కసిరాడు. తర్వాత చూడనట్టు ఊరుకున్నాడు.

"ఎందుకొదినా ఇది?" అని ఒకసారి గంగరాజు గొణిగాడు.

"నువ్వు చెప్పిన సాక్ష్యం నిజమేమో చూస్తన్నా."

అతను మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఆ తోటమీద వానలు మొహం చాటేశాయి. కొత్తగా నాటిన చిన్నరసాల అంట్లు ఆకు ముడుచుకుంటున్నాయి. కరెంటు తీగ వచ్చింది, కొన్న మోటారు కొట్టంలో ఉంది, బావి అడుగున ఊట కూడా ఉంది. పూడిక తీసేవాళ్లే లేరు. మైలవరం నుంచి పిలిపించిన కూలీలు బుడ్డి ఆరడం చూసి, తలగుడ్డలు చుట్టుకుని తిరుగుముఖం పట్టారు.

రేడియో వార్త విన్న ఆ ఉదయమే పల్లెలోని మగవాళ్లని మళ్లీ పిలిపించాడు. ఎవరూ కదల్లేదు.

"మీరు ముందు దిగండయ్యా," అంది వెంకాయమ్మ, అందరూ వినేటట్టు. "మీ వెనకాల పల్లె పల్లెంతా దిగుద్ది."

"దిగుతానే. నాకేం భయమా? దీపం వెలగనీ, నేనే దిగుతా," అన్నాడు ఆయన. వెలగదని ఆయనకి తెలుసు.

ఆమె బుడ్డి వెలిగించింది.

బావి చుట్టూ మామిడికొమ్మలు కమ్ముకుని ఉన్నాయి. ఒక్క నడిమధ్యాహ్నం మాత్రం కాస్త ఎండ లోపలికి దిగుతుంది, అదీ రాతికట్టు సగందాకా. దాని కింద చీకటి. ఎప్పుడు వంగినా కుళ్లిన ఆకుల వాసన, తడిమట్టి వాసన ముక్కుకి కొట్టేవి. ఆవేళ ఏ వాసనా లేదు. వెంకాయమ్మ అది గమనించింది.

తట్ట దిగింది. రాతికట్టు దగ్గరికి వచ్చింది. మంట చిన్నదైంది... నీలంగా మారింది... ఆరిపోయేదే.

ఆరలేదు.

మళ్లీ నిలబడి, పసుపుపచ్చగా వెలిగింది. తాడు ఇంకా వదిలింది ఆమె. మట్టిగోడలు కనిపించాయి. వేళ్లు కనిపించాయి, చెట్లవి. అడుగున బురద తళుక్కుమంది. తట్ట బురదమీద ఆగింది. బుడ్డి వెలుగుతూనే ఉంది.

చుట్టలన్నీ నోళ్లలోనే ఆగిపోయాయి. పున్నయ్య నెమ్మదిగా అన్నాడు, "ఇంకేం రావుగారూ. వెలిగిందిగా."

బసవపున్నారావు చాలాసేపు లోపలికి చూశాడు. అప్పుడు ఆయన ముఖంలో భయం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది వెంకాయమ్మకి. దీపం వెలిగిందని సబిన్‌స్పెక్టరుకి చెప్పిన మాటకి ఇప్పుడు ఇంతమంది సాక్షులు. దిగి బతికొచ్చాడంటే ఆ అబద్ధం ఇంక ఎప్పటికీ నిజమే.

ఆయన చొక్కా విప్పి, మోకుకి కట్టిన పలకమీద కూర్చున్నాడు. గంగరాజు, మరికొందరు మోకు పట్టారు. గిలక కిర్రుమంది. రాతికట్టు సగం... రాతికట్టు చివర...

"గాలి బాగానే ఉందిరా," అని లోపల్నుంచి ఆయన గొంతు.

ఇంకా దిగాడు. ఆయన నీడ గోడమీద పెద్దదై పైకి పాకింది. కాళ్లు బురదకి తగిలిన చప్పుడు వినిపించింది.

"వెంకాయమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి, పక్కనున్నవాళ్లు వినకూడదన్నట్టు. "బుడ్డికి ఎవరో... చెయ్యి అడ్డం పెట్టారే..."

ఆమె అంచుమీదికి వంగింది. మట్టిగోడమీద ఆయన నీడ ఉంది. దాని పక్కన ఇంకో నీడ. గాలికి దీపం ఆరకుండా అరచెయ్యి అడ్డం పెడతామే, అలాంటిది. వేళ్లు మరీ పొడుగ్గా ఉన్నాయి. నీడ కదా, అలాగే సాగుతుందనుకుంది.

"ఎవరది..." అన్నాడు కింద ఆయన. "చెయ్యి తియ్యి..."

చెయ్యి కదల్లేదు. తీస్తే దీపం ఆరుతుంది. దీపం ఆరితే గాలి లేదని ఆయనకి తెలిసిపోతుంది.

ఒక దగ్గు. ఒకటే.

"లాగండి, లాగండి," అని పున్నయ్య అరిచాడు. గంగరాజు వదిన ముఖంవైపు చూశాడు. చేతుల్లో మోకు ఉంది. అతను లాగాడు, కానీ వెంటనే కాదు.

బసవపున్నారావు పలకమీద కూర్చున్నట్టే పైకి వచ్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒంటిమీద దెబ్బ లేదు, గీత లేదు. పెదాలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి, వేసవిలో బుచ్చయ్య పెదాల్లాగే.

సాయంత్రానికి సబిన్‌స్పెక్టరు వచ్చాడు. ఆ మనిషే.

"దీపం దించారా?"

"దించామండి," అన్నాడు గంగరాజు. ఈసారి తలెత్తి చెప్పాడు. "వెలిగింది."

పున్నయ్య అవునన్నాడు. పల్లె మొత్తం అవునంది. సబిన్‌స్పెక్టరు తానే అంచుదాకా వెళ్లి వంగి చూశాడు. అడుగున బుడ్డి ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన టోపీ సర్దుకుని వెనక్కి జరిగాడు.

శవాన్ని బండిమీద ఊళ్లోకి తీసుకెళ్లారు. అందరూ బండి వెంట వెళ్లారు. తోటలో వెంకాయమ్మ ఒక్కతే మిగిలింది. ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. ఆకలేసింది. గుడిసెకి వెళ్లి, చల్దన్నంలో పచ్చడి కలుపుకుని కడుపునిండా తింది. చాలా నెలల తర్వాత అన్నం రుచి తెలిసింది.

చెయ్యి కడుక్కుని మళ్లీ బావి దగ్గరికి వచ్చింది. పొద్దు వాలుతోంది. చెట్లకింద ఇంకా చూపు ఆనుతోంది, పిట్టలు మాత్రం ఎందుకో అప్పుడే సద్దుమణిగాయి. బుడ్డిలో పోసిన నూనె ఈపాటికి అయిపోవాలి. వెలుగు మాత్రం తగ్గలేదు. తట్టకి కట్టిన తాడు గిలకకొయ్యకి చుట్టి ఉంది. దాన్ని విప్పి చేతిలోకి తీసుకుంది. లాగబుద్ధి కాలేదు.

"చాల్లే," అంది కిందకి, మెత్తగా. "నీ పనైపోయింది. నా పనీ అయిపోయింది. ఇంక పడుకో."

వెలుగు అలాగే ఉంది.

గోడమీద ఆ చేతినీడ కూడా అలాగే ఉంది. బుచ్చయ్య చెయ్యి ఆమె ఎరిగిందే. గునపం పట్టి పట్టి వేళ్లు కురచగా, లావుగా ఉండేవి. నీడ సాగుతుంది, నిజమే. కానీ ఇంతగానా? ఉదయం అరుగుమీద విన్న మాటలు గుర్తొచ్చాయి. పీల్చే గాలే లేనిచోట...

ఆమె తాడుని రెండు చేతులా పట్టుకుంది.

"ఏమయ్యా..." అంది. "నువ్వేనా?"

అడుగున వెలుగు కదిలింది. కుడివైపుకి... ఎడమవైపుకి... మళ్లీ కుడివైపుకి. కాదని తల అడ్డంగా ఊపే మనిషిలా, నిదానంగా.

ఆమె చేతిలోని తాడు మాత్రం కదల్లేదు.