బయటి గీత

సబ్‌వూఫర్ దభీమని పెట్టెలో పడిపోయింది.

కార్లకు సౌండ్ సిస్టం బిగించే ఆ కుర్రాడు స్క్రూలు చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయాడు. స్పీకర్ అంచు చెక్క మీద ఆనాలి. ఆనడానికి చెక్కేదీ? కన్నం స్పీకరంత ఉంది.

పెట్టె చేసింది వడ్రంగి మేస్త్రి కూతురు. వీధంతా ఆమెను ‘మిల్లీమీటరు’ అని ఊరికే పిలవదు. చెక్క మీద ఎప్పుడూ రెండు వలయాలు గీస్తుంది. బయటిది స్పీకర్ అంచు ఎక్కడిదాకా వస్తుందో చూసుకోవడానికి, లోపలిది కోయడానికి. ఈసారి బయటి గీత మీదే కోసేసింది.

ఆమె ఆ కన్నాన్ని ఎవరో పరాయివాళ్ళ పనిలా చూసింది. కొలత నువ్వే తప్పిచ్చావంది. అతను టేపు తీసి చూపించాడు. అయితే టేపే తప్పంది. పాపం, టేపు కూడా ఆమెదే.

మేస్త్రి చిత్రిక పడుతున్న రందా పక్కన పెట్టి వచ్చాడు. కన్నం చూశాడు. కూతుర్ని చూశాడు.

“నా కూతురు గీత తప్పడం నేనింతవరకూ చూడలేదు,” అన్నాడు. “అబ్బాయ్, నిన్న ఇది కోస్తున్నప్పుడు నువ్వొచ్చావు కదూ? ఏం చెప్పావు దీనికి?”

అతను నిన్న చెప్పింది ఒక్కటే. వేరే ఊళ్ళో పెద్ద షోరూంలో ఉద్యోగం వచ్చింది, ఇదే ఆఖరి పెట్టె అని. ఆమె రంపం ఆపకుండానే “మంచిదేగా” అంది. ఆపలేదన్న ఆ ఒక్క సంగతినే అతను నిన్నటినుంచీ ముల్లులా మోస్తున్నాడు. ఆపని రంపం ఎక్కడెక్కడ తిరిగిందో ఇప్పుడు కళ్ళెదుట కనిపిస్తోంది.

మనిషి ముఖం దాచగలడు, మాట దాచగలడు. చెయ్యి మాత్రం అంత తెలివైంది కాదు.

మేస్త్రి ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

“వెళ్ళొద్దని ఒక్క మాట అంటే ఆగిపోయేవాణ్ణి,” అన్నాడతను.

“అనాలా?”

“అనాలి.”

ఆమె కన్నం అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

“ఇంత పెద్దగా కోసి చెబితే వినపడలేదా?”

అతను ఫోను తీసి, ఆమె ఎదుటే షోరూం వాళ్ళతో రానని చెప్పేశాడు. ఇంకో చెక్క తెచ్చారు. ఆమె రెండు వలయాలూ గీసింది.

“ఈసారి నువ్వేం మాట్లాడకు,” అని లోపలి గీత మీద రంపం ఆనించింది.

లోపల్నుంచి మేస్త్రి గొంతు వినిపించింది. “కోత అయ్యాక మీ వాళ్ళని రమ్మను, అబ్బాయ్. మేం మాట్లాడుకుంటాం.”

రంపం ఠక్కున ఆగిపోయింది.