ఉస్మాన్ చేతిలోంచి జారిన పానా

పొద్దున్నే చాయ్ గ్లాసు మొగుడి ముందు పెట్టి, హజ్రా బీ వాకిట్లో ఉన్న అంబాసిడర్ వైపు చూసింది. నరసరావుపేటలో ఆ టాక్సీ తెలియనివాళ్ళు తక్కువ. ఇంజన్ ఆయిలు మార్చడానికి ఉస్మాన్ ఏనాడూ షెడ్డుకి పోయి ఎరగడు. వాకిట్లోనే, తన చేత్తోనే మార్చుకుంటాడు. ఈసారి మాత్రం ఆయిలు డబ్బా, కొత్త ఫిల్టరు తెచ్చి మంచం కింద పడేసి, మళ్ళీ వాటి జోలికే పోలేదు.

"రేపు పెళ్ళివాళ్ళని విజయపురి సౌత్ తీసకపోవాలి గదా. ఇవాళన్నా మారుస్తావా?"

"చూద్దాంలే."

"ఇంకెప్పుడు చూస్తావయ్యా? ఇంజన్ పట్టేస్తే మనం తినేదేంది? బండి మీద మోజు తీరిపోతే చెప్పు, మా తమ్ముడు ఖాసింకి ఇచ్చేద్దాం."

ఆ మాటకి ఉస్మాన్ చాయ్ వదిలేసి లేచాడు.

"నా బండి ఎవడికీ ఇవ్వను!"

ఆయిలు వేడెక్కి పల్చబడాలని ఇంజన్ కాసేపు ఆడించాడు. ముందు చక్రాలు చెక్కల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. పాత బేసిన్ పట్టుకుని బండి కిందికి దూరాడు. హజ్రా బీ కోపం చల్లారక, అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

ఠంగుమని పానా కిందపడింది. కాసేపటికి మళ్ళీ పడింది. ఆ తర్వాత చప్పుడే లేదు.

వంగి చూసింది. మొగుడు వెల్లకిలా పడుకుని, కుడిచేతిని గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏమైందయ్యా?"

"వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు దొరకటంలే. చానా రోజుల్నించి ఇంతే. చెబితే బండి అమ్మేయమంటావని..."

"ఈ చేత్తోనా మొన్న మాచర్ల దాకా తోలావు? ఏదన్నా అయ్యుంటే? నాకు చెప్పుకోలేనంత పరాయిదాన్నయ్యానా?"

"పక్షవాతమేమోనని భయం హజ్రా. డాక్టర్ కూడా ఆ మాటే అంటాడని పోలేదు."

హజ్రా బీ కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకి దోపి, తనూ బండి కిందికి దూరింది.

"ఎటు తిప్పాలో చెప్పు."

అతను చెబుతుంటే ఆమె బోల్టు విప్పింది. నల్లటి ఆయిలు బేసిన్లోకి దూకింది. అది కారిపోయాక బోల్టు బిగించి, ఫిల్టరు ఉండే గిన్నె ఊడదీసింది.

"పాత రబ్బరు రింగు గాడిలోనే అతుక్కుని ఉంటది, చూడు. దాని మీదే కొత్తది పెడితే ఆయిలంతా కారిపోద్ది."

ఆమె గాజుకున్న పిన్నీసు తీసి రింగుని పైకి లాగింది. కొత్త రింగు, కొత్త ఫిల్టరు పెట్టి గిన్నె బిగించి, కొత్త ఆయిలు పోశాక, ఉస్మాన్ ఎడమచేత్తో తాళం తిప్పాడు. ఆయిలు ఎర్రలైటు వెలిగింది. ఇంజన్ అందుకుని, ఆయిలు పైకెక్కగానే లైటు ఆరిపోయింది. హజ్రా బీ మళ్ళీ కిందికి వంగి చూసింది.

"చుక్క కూడా కారట్లే!"

మర్నాడు పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని ఖాసిం బండి తోలాడు. మొగుడూ పెళ్ళాలు బస్సెక్కి గుంటూరు పోయారు. డాక్టర్ ఉస్మాన్ మణికట్టు మీద వేలితో తట్టి, చేతిని వంచి చూశాడు.

"పక్షవాతం కాదయ్యా. ఇక్కడ నరం నొక్కుకుపోయింది. చిన్న ఆపరేషన్ చేస్తే పట్టు వస్తుంది. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టుకోకు."

ఆసుపత్రి వరండాలోకి రాగానే హజ్రా బీ గోడకానుకుని కూర్చుని బావురుమంది.

"మంచి మాటేగా చెప్పాడు, ఇంకా ఏడుస్తావేందే?"

"అందుకే ఏడుస్తున్నా. ఇంటికాడ్నించి బిగబట్టుకుని వచ్చా, కాసేపు ఏడవనియ్యి."

ఉస్మాన్ ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

"మీ తమ్ముడు నా బండిని గతుకుల్లో ఎట్టా తోలుతున్నాడో ఏమో!"

కళ్ళనిండా నీళ్ళతోనే హజ్రా బీ ఫక్కున నవ్వింది.